కలం కూడు పెడుతుందా?

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నన్ను "విద్య – ఉపాధి" అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ విషయం మీద నాకన్నా బాగా చెప్పగలవాళ్లు ఈ వేదిక మీదే ఉన్నారు. అందుచేత అందులోంచి ఒక చిన్న ముక్క తీసుకుంటాను. దానికి కారణం కూడా చెబుతాను.

రంజాను ముందు మన సంఘంలోని ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. కూతురు డిగ్రీ ఆఖరు సంవత్సరం. బ్యాంకు పరీక్షల కోచింగులో చేరమంటే చేరనంటోంది. రాత్రి పన్నెండింటిదాకా సెల్‌ఫోనులో కథలు రాస్తోంది. అవి ఎక్కడో పెడితే ఎవరెవరో చదివి బాగుందంటున్నారట. తను రచయిత్రినే అవుతానంటోంది. ఇదంతా చెప్పి ఆ తల్లి అడిగింది: "భాయ్‌సాబ్, మీరు నలభై యేళ్లు రాశారు. రాతలు రాస్తే అన్నం ఎవరెడతారో మీరే చెప్పండి. దానికి మీరైనా బుద్ధి చెప్పండి."

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. చాయ్ ఇచ్చి, ఆలోచించి చెబుతానమ్మా అని పంపించాను. ఆ జవాబే ఈవేళ మీ అందరి ముందూ చెబుతున్నాను. ఇలాంటి పిల్లలు మన వీధుల్లో ఇంకా కొందరు ఉన్నారని నా అనుమానం.

ముందు నిజం చెప్పుకోవాలి. మన ఉత్తరాంధ్ర తెలుగు సాహిత్యానికి పెద్ద పెద్ద పేర్లు ఇచ్చింది. అందులో కలం మీద మాత్రమే బతికినవాళ్లు ఎందరు? విజయనగరంలో గురజాడ అప్పారావుగారు బడిలో చెప్పారు, కాలేజీలో చెప్పారు, ఆపైన సంస్థానంలో శాసన పరిశోధకుడి కొలువు చేశారు. కన్యాశుల్కం 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, మళ్లీ తిరగరాసి 1909లో వేశారు. ఆ పదిహేడేళ్లూ ఇల్లు నడిపింది నాటకం కాదు, కొలువు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో పంతులు. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు విశాఖపట్నంలో వకీలు. మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు మాష్టారు విశాఖలో లెక్కల మాష్టారు. యజ్ఞం కథ 1964లో వచ్చినప్పుడు కూడా మర్నాడు పొద్దున్న ఆయన బడికి వెళ్లి లెక్కలే చెప్పి ఉంటారు.

మరి కలం మీదే బతికినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. వాళ్లు ఊరు వదిలారు. విజయనగరం కాలేజీలో చదివిన ఆరుద్రగారు మద్రాసు వెళ్లి సినిమా పాటలు రాశారు. ఆ సంపాదన ఆసరాతోనే సమగ్ర ఆంధ్ర సాహిత్యం లాంటి మహా గ్రంథం తయారైంది. శ్రీశ్రీగారిదీ మద్రాసు దారే. అలమండవాడు పతంజలిగారు పత్రికాఫీసుల్లో పనిచేస్తూ నవలలు రాశారు, 2009లో పోయేనాటికి ఒక దినపత్రికకు సంపాదకులు. అంటే వాళ్లను పోషించినది కథా కవిత్వమూ కాదు, దాని పక్కనున్న పని. సినిమా పాట, పత్రికా రచన, అనువాదం. ఈ "పక్కపని" అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఒక కాలంలో నవల కూడా కూడు పెట్టింది. నాకు బాగా గుర్తు. 1970లలో, 80లలో వారపత్రిక వచ్చే రోజున బంకు దగ్గర జనం నిలబడేవారు. సీరియల్ చదివేందుకు ఒక పత్రిక నాలుగిళ్లు తిరిగేది. యద్దనపూడి సులోచనారాణిగారి నవల సీరియల్‌గా వచ్చి, పుస్తకమై, సినిమా అయ్యేది. ఒక్క రచనకు మూడు రాబడులు. యండమూరి వీరేంద్రనాథ్‌గారు చార్టర్డ్ అకౌంటెంటు ఉద్యోగం పక్కన పెట్టి పూర్తికాలం రచయిత కాగలిగింది ఆ కాలంలోనే. ఎమెస్కోవారు ఇంటింటి గ్రంథాలయం పెట్టి చవక పుస్తకాలను పోస్టులో ఇళ్లకు పంపేవారు. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్యగారు కశింకోటలో కాపురముంటూనే చందమామ, యువలకు బొమ్మలు వేశారు.

ఆ చెట్టు పడిపోయింది. 1908లో పుట్టిన ఆంధ్రపత్రిక, 1924లో పుట్టిన భారతి రెండూ 1991లోనే ఆగిపోయాయి. 1947లో మొదలైన చందమామ ఇప్పుడు రావడం లేదు. 1978లో వచ్చిన విపుల, చతుర 2021లో ఆగిపోయాయి. టీవీ వచ్చి సీరియల్‌ను పత్రికలోంచి తీసుకుపోయింది. సెల్‌ఫోను వచ్చి టీవీలోంచి కూడా తీసుకుపోయింది. కథకు పారితోషికం మనియార్డరులో వచ్చే రోజులు పోయాయి.

అయితే చెట్టు పడినచోట నేల ఖాళీగా లేదు. మొలకలు వచ్చాయి. ఈమాట అనే పత్రిక 1998 నుంచి కాగితం లేకుండానే నడుస్తోంది. ప్రతిలిపి వంటి చోట్ల ఎవరైనా, ఎవరి అనుమతీ లేకుండా కథ పెట్టుకోవచ్చు. పాఠకులు చందా కడితే రచయితకు వాటా వచ్చే పద్ధతులు కూడా ఉన్నాయి. కథలు చదివి వినిపించే యాప్‌లు వచ్చాయి. చిన్న చిన్న ప్రచురణ సంస్థలు వచ్చాయి. వెయ్యి కాపీలు వేసి మంచం కింద పెట్టుకునే అవసరం పోయి, యాభై కాపీలు కూడా అచ్చు వేయించుకోగలుగుతున్నాం. వెనక సంపాదకుడు తలుపు తీస్తేగాని లోపలికి పోలేకపోయేవాళ్లం. ఇప్పుడు తలుపే లేదు. కాకపోతే లోపల జనం కిక్కిరిసి ఉన్నారు.

ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. పుస్తకం ధర 150 రూపాయలనుకోండి. రచయితకు రాయల్టీ మామూలుగా వినబడే మాట 10 శాతం. అంటే పుస్తకానికి 15 రూపాయలు. 500 కాపీలు వేసి, ఒక్కటీ మిగలకుండా అమ్మితే వచ్చేది 7,500. ఆ పుస్తకం రాయడానికి రెండేళ్లు పట్టిందనుకుంటే నెలకు 312 రూపాయలు పడింది. సొంతంగా వేసుకుంటే ఎక్కువ మిగులుతుందంటారు. మిగులుతుంది, కాని అచ్చు ఖర్చూ, దుకాణదారు కమీషనూ, పోస్టేజీ, ఊరికే ఇచ్చేసిన కాపీలూ తీసేశాక చూసుకోవాలి. ఈ లెక్క పిల్లల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. లెక్క తెలిసి దిగినవాడు మునగడు. తెలియక దిగినవాడు రెండో పుస్తకం రాయడు.

ఇప్పుడు ఒక ముఖ్యమైన సంగతి. ఇది నా తల తాకట్టు పెట్టి నేర్చుకున్నది.

మన దీన్‌లో కలానికి ఎంత గౌరవమో మీకు నేను చెప్పనక్కర్లేదు. మొట్టమొదట దిగిన ఆయతులు చదువుతో మొదలై కలం మాట ఎత్తాయి. కలం పేరుతోనే 68వ సూరా ఉంది. తెలుగువాళ్లు పట్టుకునే "కలం" అన్న మాట కూడా అరబ్బీ నుంచి వచ్చినదే. ఇవన్నీ సభల్లో చెప్పుకుని సంతోషపడతాం. కాని ఖురానులో అన్నిటికన్నా పొడుగు ఆయతు దేని గురించో ఒక్కసారి ఆలోచించండి. సూరె బఖరా 282. అది అప్పు పత్రం గురించి. గడువు పెట్టుకుని ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలి, చిన్న మొత్తమైనా పెద్దదైనా బద్ధకించకూడదు, సాక్షులుండాలి అని దాని సారాంశం. మేకపిల్ల బేరానికి కాగితం రాసుకునే మనం, పుస్తకం బేరానికి మాత్రం మొహమాటపడతాం.

1986లో నేను పిల్లల కథలు ఒక కట్ట రాసి ఒక ప్రచురణకర్తకు ఇచ్చాను. పేరు అనవసరం. ఆయన 600 రూపాయలు చేతిలో పెట్టి, "మాష్టారూ, ఇక మనకీ మనకీ కాగితాలెందుకండీ" అన్నాడు. నాకూ అది మర్యాదగానే తోచింది. ఆరు వందలతో ఇంటికి బియ్యం బస్తా, పిల్లలకు ఈద్ బట్టలు కొన్నాను. పదేళ్ల తరువాత రైలు స్టేషను బంకులో మా అమ్మాయి ఆ పుస్తకం చూసి, "అబ్బా, మీ పేరు!" అని పరుగెత్తుకొచ్చింది. తీసి చూస్తే నాలుగో ముద్రణ. నేను డబ్బు ఇచ్చి నా పుస్తకం కొనుక్కున్నాను. వకీలును అడిగితే ఆయన నవ్వి, రచన మీద హక్కు నోటిమాటతో బదిలీ కాదని, రాసి సంతకం పెడితేనే చెల్లుతుందని 1957 నుంచీ చట్టంలో ఉందన్నాడు. అంటే ఆ పదేళ్లూ హక్కు నాదే. నాకే తెలియదు. అప్పటికి ఆ ప్రచురణకర్త దుకాణం ఎత్తేశాడు.

కాబట్టి రాసే పిల్లలు ఈ నాలుగు ముక్కలూ నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. ఒకటి, రచన పుట్టినప్పుడే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. రెండు, హక్కు ఇచ్చే కాగితంలో ఎంత కాలానికో రాయకపోతే చట్టప్రకారం అయిదేళ్లని, ఎంత ప్రాంతానికో రాయకపోతే భారతదేశమని అర్థం. మూడు, తీసుకున్నవాడు ఏడాదిలోగా ఆ హక్కును వాడకపోతే, కాగితంలో వేరే మాట లేనప్పుడు, అది తిరిగి మనదే అవుతుంది. నాలుగు, హక్కు మన జీవితకాలమూ, ఆ తరువాత 60 ఏళ్లూ ఉంటుంది. 2021లో వెళ్లిపోయిన కాళీపట్నం మాష్టారి కథల మీద హక్కు 2081 ఆఖరుదాకా నిలుస్తుంది. ఇల్లు, పొలం లాగే ఇదీ ఆస్తే. ఫోనులో "ఒప్పుకుంటున్నాను" అన్న మీట నొక్కడం కూడా ఒప్పందమే. అచ్చు, ఆడియో, సినిమా, అనువాదం వేరు వేరు హక్కులు. ఒక్క మీటతో అన్నీ ఇచ్చేస్తున్నామా, ఒక్కటే ఇస్తున్నామా అని చదివి నొక్కండి. ఇంగ్లీషు అర్థం కాకపోతే మన సంఘంలో వకీళ్లున్నారు. ఒక పూట అడగడానికి సిగ్గు పడకండి.

ఇక పక్కపని సంగతి. ఈనాటి రచయితకు పక్కపనులు వెనకటికన్నా ఎక్కువే ఉన్నాయి. సినిమాలకు, సీరియళ్లకు మాటలు, తెరమీద వేసే ఉపశీర్షికలు, ప్రూఫులు దిద్దడం, పాఠాలు తయారు చేయడం, ఆడియో కోసం చదవడం, అనువాదం. అందులో అనువాదం విషయంలో మన పిల్లలకు పుట్టుకతో వచ్చిన మూలధనం ఉంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. మూడూ సగం సగం వచ్చి ఊరుకుంటే ఎందుకూ కొరగావు. మూడింటినీ చదవడం, రాయడం గట్టిగా నేర్చుకుంటే అన్నం పెడతాయి. మన ఇళ్లలో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఉన్నారు, లిపి చదవగలిగేవాళ్లు తగ్గిపోతున్నారు. ఈ లోటు మదర్సాలో సాయంత్రం ఒక గంటతో తీరేది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక యంత్రమే రాసేస్తోంది కదా, ఇక మనమెందుకని కొందరు కుర్రాళ్లు అడుగుతున్నారు. నిజమే, నోటీసులు, ప్రకటనలు, మామూలు అనువాదాలు యంత్రం చేసేస్తుంది. ఆ పనికి కూలి పడిపోతుంది. దాన్ని దాచిపెట్టి లాభం లేదు. కాని యంత్రం రాసినదాంట్లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి భాష నిండా తెలిసినవాడు కావాలి. సగం తెలిసినవాడి పని మాత్రం పోయినట్టే. మరొక చిన్న సలహా. టైపు చేసేటప్పుడు యూనికోడ్‌లో చేయండి. పాత అను ఫాంట్లలో చేసినది ఆ ప్రెస్సువాడి కంప్యూటరు దాటితే గజిబిజి అక్షరాలైపోతుంది. మీ రచన ఇరవై యేళ్ల తరువాత కూడా దొరకాలంటే ఇది అవసరం.

ఇంతవరకు కూడు సంగతి చెప్పాను. ఇప్పుడు కలం సంగతి. ఇంత తక్కువ డబ్బు వచ్చే పనిని అసలు ఎందుకు చేయాలి?

తెలుగులో ముస్లిం రచయితలు కొత్త కాదు. పిఠాపురం ఉమర్ ఆలీషా కవిగారు (1885–1945) పద్యం చెబితే పండితులు చెవి ఒగ్గి విన్నారు. తరువాత 1991లో ఖాదర్ మొహియుద్దీన్‌గారి పుట్టుమచ్చ, 1998లో జల్‌జలా కవితా సంకలనం, 1999లో ఖదీర్‌బాబుగారి దర్గామిట్ట కథలు, 2004లో వతన్ కథా సంకలనం వచ్చాయి. ఆదాయపు పన్ను శాఖలో ఉద్యోగం చేస్తూ రాసిన సలీంగారికి 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2012లో వేంపల్లె షరీఫ్‌గారి జుమ్మాకు అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఈ పుస్తకాలు చదివినప్పుడు నెల్లూరు ఇల్లు, కడప ఇల్లు, తెలంగాణ ఇల్లు కళ్లకు కట్టాయి. అమ్మీ, అబ్బా, ఖాలా, ఫూఫూ అన్న పిలుపులు తెలుగు పుస్తకంలో అచ్చులో చూసి నేను కంటతడి పెట్టుకున్నాను.

మరి మన ఇల్లు ఎక్కడుంది? శ్రీకాకుళంలో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు 1641 నాటిది. దాదాపు నాలుగు వందల ఏళ్లు. విజయనగరం బాబామెట్ట మీద ఖాదర్‌వలీ బాబా ఉరుసుకు అన్ని మతాలవాళ్లూ వస్తారు. ఇంత కాలంగా నాగావళి నీళ్లు తాగి, ఇక్కడి యాస మాట్లాడుతూ బతుకుతున్నాం. అయినా నేను చదివినంతలో ఉత్తరాంధ్ర ముస్లిం ఇంటి కథ బహు తక్కువ. నెల్లూరువారు వచ్చి మన కథ రాయరు. యంత్రం రాయలేదు, ఎందుకంటే ఎవరూ రాయనిది దానికి ఎక్కడినుంచి వస్తుంది? మా దాదీ "ఏటిరా గుంటా" అని తెలుగులో తిట్టి, అదే నోటితో ఉర్దూలో దువా చేసేది. ఆ నోరు నాతో పోతుంది, ఎవరో ఒకరు రాయకపోతే. నేను నలభై యేళ్లు రాసి కూడా అది రాయలేదు. పత్రికవాళ్లకు అర్థం కాదేమోనని మన మాటలు నేనే కొట్టేసి, "నానమ్మ" అని రాశాను. మాట్లాడే భాషను రాయండని పోరాడిన గిడుగువారి జిల్లాలో పుట్టి నేను చేసిన పని ఇది. ఆ తప్పు మీరు చేయవద్దు.

కాళీపట్నం మాష్టారు తనకు 1995లో వచ్చిన అకాడమీ బహుమతి సొమ్ముతో పని మొదలుపెట్టి, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా అక్కడ ఉండాలని ఆయన పట్టుదల. మన ఊరి నడుమ అటువంటి బీరువాలున్నాయి. అందులో మన ఇళ్ల కథలకు చోటుంది. ఆ చోటు నింపవలసినవాళ్లం మనం.

సంఘానికి నా మనవి మూడే మాటలు. ఏటేటా ఈ సంచికలో మన పిల్లల కథ ఒకటైనా వేయండి, వేసిన కథకు నూటపదహార్లయినా పారితోషికం ఇవ్వండి. ఊరికే రాయించుకోవడం ముందు మనం మానాలి. సంచిక కాపీ ఒకటి కథానిలయానికి పంపండి. మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతోంది, కనుక జిల్లా గ్రంథాలయానికి వెళ్లి ఫలానా పుస్తకాలు తెప్పించండని హక్కుగా అడగండి. ఇక మన పిల్ల పుస్తకం వేస్తే "నాకొక కాపీ ఇవ్వమ్మా" అనకండి. కొనండి.

ఆ తల్లికి నా జవాబు ఇది. అమ్మా, నీ కూతుర్ని కోచింగుకు పంపించు. ఉద్యోగమో, అనువాదమో, ఏదో ఒక పొయ్యి వెలగాలి. కాని రాత్రి రాసుకునే ఆ రెండు గంటలూ దానికి వదిలెయ్యి. పెళ్లి మాట వచ్చినప్పుడు ఆ రెండు గంటల సంగతి కూడా అవతలివాళ్లతో ముందే చెప్పు, రాసుకున్న ఒప్పందంలో ఒక షరతులాగ. కూడు కోసం కలాన్ని తొందరపెట్టకూడదు, కూడు పేరు చెప్పి కలాన్ని లాక్కోకూడదు.

ఆ అమ్మాయి ఈ సభలోనే ఉందని తెలుసు. ఎక్కడ కూర్చుందో చూడను, సిగ్గుపడుతుంది. బేటీ, దాదీని దాదీ అనే రాయి.

నా మాటల్లో తప్పులుంటే మన్నించండి. అల్లాహ్ మన పిల్లల కలాలకు బరకత్ ఇవ్వాలని దువా చేస్తూ సెలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్.